ఏ320 టైప్ రేటింగ్: సీపీఎల్ నుంచి జెట్ విమానం కుడి (కోపైలట్) సీటు వరకు సమగ్ర మార్గదర్శి

కమర్షియల్ పైలట్ లైసెన్సు, అంటే సీపీఎల్, చేతికి వస్తే చాలు, ఎయిర్‌బస్ నడపవచ్చని చాలా కుటుంబాల్లో అనుకుంటారు. ఆ లైసెన్సు విమానం నడిపి జీతం తీసుకునే హక్కును ఇస్తుంది గాని, ఏ విమానం నడపవచ్చో మాత్రం అందులో నమోదైన రేటింగులే నిర్ణయిస్తాయి. కనీసం ఇద్దరు పైలట్లు ఉండాలని ధ్రువీకరించిన ప్రతి విమాన రకానికీ విడిగా శిక్షణ పొంది, పరీక్ష నెగ్గి, లైసెన్సులో నమోదు చేయించుకోవాలన్నది అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధన. ఆ నమోదునే టైప్ రేటింగ్ అంటారు.

ఈ వ్యాసంలో ఎయిర్‌బస్ ఏ320ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఇండిగో, ఎయిర్ ఇండియా సంస్థలు ఈ కుటుంబానికి చెందిన విమానాలను పెద్ద సంఖ్యలో నడుపుతున్నందువల్ల మన దేశంలో కొత్త సీపీఎల్ అభ్యర్థులు ఎక్కువగా ఈ రేటింగు వైపే చూస్తారు. బోయింగ్ 737 చేయదలచినవారికి కూడా దశలు ఇవే. వ్యవస్థలు, పద్ధతులు మాత్రం వేరు.

ఒక రేటింగుతో ఏయే విమానాలు నడపవచ్చు

ఏ318, ఏ319, ఏ320, ఏ321 విమానాలన్నింటికీ రేటింగు ఒక్కటే. పాత ఇంజిన్ల విమానం మీద నేర్చుకున్నవారు కొత్త ఇంజిన్ల నియో నడపడానికి పూర్తి కోర్సు మళ్లీ చేయనక్కరలేదు, తేడాలకు సంబంధించిన శిక్షణ తీసుకుంటే సరిపోతుంది. ఏ330కి వెళ్లాలంటే అది వేరే రేటింగే అయినా, కాక్‌పిట్ పోలికల వల్ల క్రాస్ క్రూ క్వాలిఫికేషన్ అనే కుదించిన కోర్సు ఉంటుంది. ఏ320 వైపు మొగ్గడానికి ఇదొక గట్టి కారణం.

అయితే రేటింగు ఒకటే అయినంత మాత్రాన తేడాలు చిన్నవని అనుకోవడం ప్రమాదకరం. బోయింగ్ 737 మ్యాక్స్ వచ్చినప్పుడు, అంతకు ముందు తరం 737 నడుపుతున్న పైలట్లకు సిమ్యులేటర్ అవసరం లేదని, కంప్యూటర్ పాఠాలు చాలని నిర్ణయించారు. 2018 అక్టోబరులో లయన్ ఎయిర్, 2019 మార్చిలో ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానాలు కూలిన తరువాత గాని ఆ నిర్ణయం మారలేదు. 2020 నవంబరులో మ్యాక్స్ మళ్లీ ఎగరడానికి అమెరికా అనుమతి ఇచ్చినప్పుడు సిమ్యులేటర్ శిక్షణను తప్పనిసరి చేశారు. కాబట్టి మీ కోర్సులో తేడాల పాఠం వచ్చినప్పుడు దాన్ని ముగింపు లాంఛనంగా చూడకండి.

మొదటి దశ: కాగితాలు సరిచూసుకోవడం

కోర్సులో చేరేనాటికి పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, జారీ చేసిన సీపీఎల్, మల్టీ ఇంజిన్ రేటింగు, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగు, చెల్లుబాటులో ఉన్న క్లాస్ 1 వైద్య ధ్రువపత్రం, రేడియో టెలిఫోనీ లైసెన్సు, ఇంగ్లీషు భాషా ప్రావీణ్యంలో కనీసం 4వ స్థాయి ఉండాలి. అమెరికాలోనో దక్షిణాఫ్రికాలోనో శిక్షణ పూర్తి చేసుకున్నవారు ముందుగా ఆ లైసెన్సును డీజీసీఏ లైసెన్సుగా మార్చుకోవాలి. ఇందుకు డీజీసీఏ రాతపరీక్షలు నెగ్గాలి. అనుభవం, పరీక్షా ప్రయాణాల షరతులు కూడా తీర్చాలి. ఈ పని పెండింగులో పెట్టుకుని టైప్ రేటింగ్‌కు డబ్బు కట్టేయడం తెలివైన పని కాదు, ఎందుకంటే లైసెన్సే లేనప్పుడు రేటింగు ఎక్కించడానికి చోటే ఉండదు.

లాగ్‌బుక్‌లోని గంటలు, డీజీసీఏ వారి ఈజీసీఏ పోర్టల్‌లో నమోదైన గంటలు, శిక్షణ సంస్థ రికార్డులు ఒకదానితో ఒకటి సరిపోవాలి. పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా దరఖాస్తు వెనక్కి వస్తుంది. ఇంటిపేరు ఒక పత్రంలో పూర్తిగా, మరో పత్రంలో పొడి అక్షరంగా ఉండడం మన తెలుగు కుటుంబాల్లో సర్వసాధారణం గనుక ఈ సంగతిని కోర్సు మొదలయ్యే ముందే చక్కదిద్దుకోవడం మంచిది.

రెండో దశ: ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్‌ను పదునుపెట్టుకోవడం

టైప్ రేటింగ్ కోర్సులో ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్, అంటే బయటికి చూడకుండా పరికరాల ఆధారంగా నడపడం, నేర్పరు. అది మీకు వచ్చుననుకునే కోర్సును తయారు చేస్తారు. కోర్సులో వెనకబడేవారిలో చాలామందికి ఏ320 వ్యవస్థలు అర్థం కాకపోవడం అసలు ఇబ్బంది కాదు. పరికరాల మీద చూపు క్రమంగా తిప్పే అలవాటు సడలిపోయి ఉండడం, హోల్డింగు ఎంట్రీ (గాలిలో చుట్లు తిరుగుతూ వేచి ఉండే దారిలోకి ప్రవేశించే తీరు) ఆలోచించి చెప్పవలసి రావడం, రన్‌వే వైపు దిగే దారిని చూపే అప్రోచ్ చార్టు చదవడానికి ఐదు నిమిషాలు పట్టడం అసలు ఇబ్బందులు. సీపీఎల్ ముగిసి ఏడాది, రెండేళ్లు ఖాళీగా ఉన్నవారిలో ఇవి ఎక్కువగా కనిపిస్తాయి.

సెస్నా 172 గరిష్ఠ బరువు సుమారు 1.1 టన్నులు, అప్రోచ్ వేగం 65 నాట్ల దగ్గర ఉంటుంది. ఏ320 గరిష్ఠ టేకాఫ్ బరువు 78 టన్నుల పైచిలుకు, అప్రోచ్ వేగం 135 నాట్ల ప్రాంతంలో ఉంటుంది. వేగం రెట్టింపైతే ఆలోచించడానికి దొరికే సమయం సగమవుతుంది. పైగా జెట్ విమానం వేగాన్ని తేలికగా వదలదు. దిగడం, నెమ్మదించడం రెండూ ఒకేసారి జరగవు. 36,000 అడుగుల ఎత్తు నుంచి దిగడానికి వేలల్లోని ఎత్తును మూడుతో హెచ్చించి, దాదాపు 108 నాటికల్ మైళ్ల ముందే దిగడం మొదలుపెట్టాలి. వేగం తగ్గించుకోవడానికీ, వెనుక గాలికీ మరికొంత కలుపుకోవాలి. ఈ లెక్క కాగితం లేకుండా మనసులో చేయగలిగేవరకు సాధన చేయండి.

ఇద్దరు పైలట్లు పని పంచుకోవడం నేర్పే మల్టీ క్రూ కోఆపరేషన్ కోర్సు చేయాలా అని అడిగేవారు చాలామంది. యూరప్ నిబంధనల్లో మొదటి ఇద్దరు పైలట్ల విమానానికి వెళ్లేముందు అది తప్పనిసరి. విమానం అదుపు తప్పిన స్థితుల నుంచి కోలుకునే ప్రత్యేక శిక్షణ కూడా 2019 డిసెంబరు నుంచి అక్కడ తప్పనిసరి అయింది. మన దేశంలో కొన్ని సంస్థలు మల్టీ క్రూ కోర్సును టైప్ రేటింగ్‌లో కలిపి నేర్పుతాయి, కొన్ని విడిగా నడుపుతాయి. రెండువందల గంటలూ ఒంటరిగానో, పక్కన ఇన్‌స్ట్రక్టరుతోనో ఎగిరిన అభ్యర్థికి, తనతో సమాన స్థాయి భాగస్వామితో పని పంచుకోవడం పూర్తిగా కొత్త. అందువల్ల ఈ కోర్సుకు పెట్టే ఖర్చు వృథా కాదని నా దృఢాభిప్రాయం.

మూడో దశ: డబ్బు ఎవరు పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి

ఇది అన్నింటికంటే బరువైన నిర్ణయం. ఏ320 టైప్ రేటింగ్ ఖర్చు పది లక్షల రూపాయలు దాటి, కేంద్రాన్ని బట్టి, దేశాన్ని బట్టి ఇరవై లక్షల పైకి కూడా వెళుతుంది. సీపీఎల్‌కే ఇల్లో పొలమో తాకట్టు పెట్టిన కుటుంబానికి ఇది రెండో అప్పు.

దారులు స్థూలంగా మూడు. మొదటిది ఎయిర్‌లైన్ క్యాడెట్ కార్యక్రమం, ఇందులో సీపీఎల్ నుంచి టైప్ రేటింగ్ వరకు ఒకే ప్యాకేజీగా ఉంటుంది. రెండోది, సీపీఎల్ ఉన్న అభ్యర్థిని ఎయిర్‌లైన్ ముందుగా ఎంపిక చేసి, ఆ తరువాత తాను చెప్పిన కేంద్రంలో టైప్ రేటింగ్ చేయించడం; ఖర్చు అభ్యర్థిదే కావచ్చు, లేదా ఎయిర్‌లైన్ పెట్టి కొన్నేళ్ల సర్వీసు బాండు రాయించుకోవచ్చు. మూడోది, ఉద్యోగం ఊసు లేకుండానే సొంత డబ్బుతో రేటింగు చేసి, తరువాత ప్రకటనల కోసం ఎదురుచూడడం.

మూడో దారి విషయంలో చాలా జాగ్రత్త అవసరమని చెప్పక తప్పదు. టైప్ రేటింగ్ డిగ్రీ పట్టా లాంటిది కాదు, అది కాలంతో పాటు పాతబడుతుంది. ఎగరకుండా కూర్చుంటే దాన్ని నిలబెట్టుకోవడానికి మళ్లీ సిమ్యులేటర్ గంటలు కొనుక్కుని, మళ్లీ పరీక్షకు కూర్చోవాలి. విమానం మీద అసలు గంటలే లేని రేటింగుకు నియామకాల్లో విలువ నెలనెలా తగ్గుతుంది. టైప్ రేటెడ్ అభ్యర్థులకు మాత్రమే ప్రకటనలు వచ్చే రోజులు ఉంటాయన్నది నిజమే. అలాంటి సమయంలో కూడా ప్రకటనలోని విమాన రకం, ఎన్ని నెలల్లోపు చేసిన రేటింగు కావాలన్న షరతు చదివిన తరువాతనే డబ్బు కట్టాలి. ఉద్యోగం గ్యారంటీ అంటూ నోటిమాటతో చెప్పే మధ్యవర్తి దగ్గర ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వకండి. నియామక పత్రం ఎయిర్‌లైన్ లెటర్‌హెడ్ మీద, ఎయిర్‌లైన్ నుంచి నేరుగా రావాలి.

అమెరికాలో చదువుకుంటున్న, స్థిరపడిన తెలుగువారికి పరిస్థితి వేరు. 2009లో కోల్గన్ ఎయిర్ విమానం కూలిన తరువాత అక్కడి చట్టం మారి, 2013 నుంచి ఎయిర్‌లైన్ కోపైలట్‌కు కూడా ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ సర్టిఫికెట్, అందుకు సాధారణంగా 1,500 గంటల అనుభవం అవసరమయ్యాయి. అక్కడ ఎయిర్‌లైన్‌లో చేరిన తరువాత సంస్థే టైప్ రేటింగ్ చేయించడం మామూలు గనుక, ముందుగా సొంత డబ్బుతో కొనుక్కోవలసిన అవసరం దాదాపు రాదు.

నాలుగో దశ: శిక్షణ కేంద్రాన్ని ఎంచుకోవడం

గురుగ్రామ్, గ్రేటర్ నోయిడా, బెంగళూరు, హైదరాబాద్ ప్రాంతాల్లో సిమ్యులేటర్ కేంద్రాలు ఉన్నాయి. హైదరాబాద్‌కు ఈ రంగంలో పాత చరిత్రే ఉంది. 1989లో ఏ320లను తెచ్చుకున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ కేంద్ర శిక్షణ సంస్థ ఈ నగరంలోనే ఉండేది. విదేశీ కేంద్రానికి వెళ్లాలనుకుంటే, ఆ సంస్థకూ, మీరు ఎగరబోయే ఆ ప్రత్యేక సిమ్యులేటర్‌కూ, పరీక్షించే ఎగ్జామినర్‌కూ డీజీసీఏ ఆమోదం ఆ తేదీ నాటికి ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. ఒకప్పుడు ఉన్న ఆమోదం ఇప్పుడు లేకపోవచ్చు.

ఫీజు పట్టిక చూసేటప్పుడు మొత్తం కంటే అందులో ఏమేమి లేవన్నది ముఖ్యం. బేస్ ట్రైనింగ్, అంటే నిజమైన విమానం మీద చేసే టేకాఫ్, ల్యాండింగులు, చాలా ప్యాకేజీల్లో ఉండవు. విడిగా కొనాలంటే అదే పెద్ద ఖర్చు, పైగా ఖాళీ విమానం దొరకాలి. అదనపు సెషన్ అవసరమైతే గంటకు ఎంత, పరీక్ష తప్పితే మళ్లీ ఎంత, ఎగ్జామినర్ రుసుము, పన్ను కలిశాయా అన్నవి అడగండి. సిమ్యులేటర్‌లో మీతో జంటగా ఎగిరే సిమ్ పార్ట్‌నర్‌గా ఎవరిని ఇస్తారో కూడా అడగండి. అర్ధరాత్రి రెండు గంటలకు మొదలయ్యే సెషన్లు మాత్రమే ఇస్తామనే కేంద్రం రేటు తక్కువగా చెప్పవచ్చు, ఆ వేళ మీ బుర్ర ఎంత పనిచేస్తుందో ఆలోచించి నిర్ణయించుకోండి.

ఐదో దశ: గ్రౌండ్ స్కూల్, వ్యవస్థల పరిజ్ఞానం

కోర్సు మొత్తం సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మొదటి రెండు వారాలు కంప్యూటర్ ఆధారిత పాఠాలు, తరగతులు, ఆపై ఆ విమాన రకానికి సంబంధించిన సాంకేతిక పరీక్ష ఉంటాయి. ప్రశ్నబ్యాంకు బట్టీపట్టి ఈ పరీక్ష గట్టెక్కవచ్చు. అలా గట్టెక్కినవారు సిమ్యులేటర్‌లో మొదటి హైడ్రాలిక్ ఫెయిల్యూర్ దగ్గరే దొరికిపోతారు.

హైడ్రాలిక్స్‌నే తీసుకుందాం. ఏ320లో ఆకుపచ్చ, నీలం, పసుపు అని మూడు వ్యవస్థలు, మామూలుగా 3,000 పీఎస్‌ఐ పీడనంతో పనిచేస్తాయి. ఆకుపచ్చ, పసుపు వ్యవస్థల మధ్య 500 పీఎస్‌ఐ తేడా వస్తే పవర్ ట్రాన్స్‌ఫర్ యూనిట్ దానంతటదే పనిచేసి, ఒకదాని పీడనంతో రెండోదాన్ని నడుపుతుంది. గేటు దగ్గర విమానంలో కూర్చున్న ప్రయాణికులకు నేల కింద నుంచి కుక్క మొరుగుతున్నట్టు వినిపించేది ఆ యూనిట్ శబ్దమే. అన్నీ పోయినప్పుడు బయటికి జారి గాలికి తిరిగే చిన్న టర్బైన్ నీలం వ్యవస్థను నడుపుతుంది. ఇంతవరకు ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. చదవవలసిన తీరు ఏమిటంటే, ఆకుపచ్చ పోతే నేను ఏమేమి కోల్పోతాను అని ప్రశ్న వేసుకోవడం. ల్యాండింగ్ గేర్ మామూలుగా దిగదు, చేతితో తిప్పి దించాలి. మామూలు బ్రేకులు పోయి పసుపు వ్యవస్థ మీది ప్రత్యామ్నాయ బ్రేకులు వస్తాయి. రెక్కల మీది ఫ్లాప్స్, స్లాట్స్ నెమ్మదిగా కదులుతాయి. రన్‌వే ఎక్కువ పొడవు కావాలి. ఇలా వ్యవస్థ నుంచి పర్యవసానం వరకు గొలుసుకట్టుగా చెప్పగలిగినప్పుడే ఆ అధ్యాయం వచ్చినట్టు.

ఫ్లయిట్ కంట్రోల్ కంప్యూటర్ల అధ్యాయానికి ఎక్కువ సమయం ఇవ్వండి. రెండు ఎలాక్‌లు, మూడు సెక్‌లు, రెండు ఫ్యాక్‌లు కలిసి విమానాన్ని నార్మల్ లా, ఆల్టర్నేట్ లా, డైరెక్ట్ లా అనే అంచెల్లో నడుపుతాయి. నార్మల్ లాలో పక్కకు వంగడం (బ్యాంకు) 67 డిగ్రీలు దాటనివ్వదు, ముక్కు 30 డిగ్రీల కంటే పైకి, 15 డిగ్రీల కంటే కిందికి పోనివ్వదు, స్టాల్ కానివ్వదు, అంటే రెక్కలు ఎత్తే శక్తిని కోల్పోనివ్వదు. ఒక అంచె దిగితే ఈ రక్షణల్లో ఏవి మిగులుతాయి, ఏవి పోతాయి అన్నది నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. 2009 జూన్ 1న అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ ఏ330లో వేగం కొలిచే పిటో గొట్టాలు మంచుతో మూసుకుపోయి వేగం సూచికలు చెడినప్పుడు, విమానం ఆల్టర్నేట్ లాలోకి దిగింది. స్టాల్ నుంచి కాపాడే రక్షణ అప్పుడు లేదు. పైలట్ సైడ్‌స్టిక్‌ను వెనక్కి లాగుతూనే ఉన్నాడు.

ఆరో దశ: కాగితపు కాక్‌పిట్, ఫిక్స్‌డ్ బేస్ ట్రైనర్

కాక్‌పిట్ ప్యానెళ్ల నిలువెత్తు బొమ్మలు అచ్చువేయించి గదిలో గోడకు అంటించుకోండి. ఎదురుగా కుర్చీ వేసుకుని, కాక్‌పిట్ సిద్ధం చేయడం నుంచి ఇంజిన్లు ఆపడం వరకు ప్రతి స్విచ్‌ను చేత్తో తాకుతూ, కాల్‌అవుట్‌లు గట్టిగా పలుకుతూ సాధన చేయండి. చేతులు క్రమం తప్పకుండా కదలాలి, నోరు చేతుల కంటే ముందు పరుగెత్తకూడదు. ఈ పని పార్ట్‌నర్‌తో కలిసి చేస్తే ఫలితం రెట్టింపు. సిమ్యులేటర్‌లో ఒక్కో గంటకు మీరు చెల్లించే వేల రూపాయలను స్విచ్ ఎక్కడుందో వెతకడానికి ఖర్చు చేయకూడదన్నదే ఈ సాధన ఉద్దేశం.

తరువాతి మెట్టు కదలని ట్రైనర్. ఇక్కడ ఫ్లయిట్ మేనేజ్‌మెంట్ కంప్యూటర్‌లో రూటు ఎక్కించడం, లోపాలను, చేయవలసిన పనులను తెరమీద చూపే ఈకామ్ హెచ్చరికలను క్రమంగా చదివి నెరవేర్చడం, పని పంచుకోవడం నేర్పుతారు. విమానం నడిపేవారిని పైలట్ ఫ్లయింగ్ అనీ, రేడియో, చెక్‌లిస్టులు చూస్తూ మొదటివారి పనిని కనిపెట్టి ఉండేవారిని పైలట్ మానిటరింగ్ అనీ అంటారు. రెండో పాత్ర తేలికైనదని భావించి విశ్రాంతిగా కూర్చునేవారిని ఇన్‌స్ట్రక్టరు వెంటనే పసిగడతాడు.

ఈ దశలో మీ కళ్లకు అలవాటు కావలసిన చోటు ఒకటుంది. ప్రైమరీ డిస్‌ప్లే పైభాగంలో ఐదు గడుల పట్టీ ఉంటుంది, దాన్ని ఎఫ్‌ఎంఏ అంటారు. ఇంజిన్ల శక్తి ఏ మోడ్‌లో ఉంది, విమానం నిలువుగా ఏ మోడ్‌లో వెళుతోంది, పక్కలకు ఏ మోడ్‌లో ఉంది, అప్రోచ్ సామర్థ్యం ఏమిటి, ఆటోపైలట్, ఫ్లయిట్ డైరెక్టర్, ఆటోథ్రస్ట్ పనిచేస్తున్నాయా అన్నవి అక్కడే కనిపిస్తాయి. మీరు తిప్పిన మీట ఏమి చేయాలో మీ మనసులో ఉంటుంది, విమానం నిజంగా ఏమి చేస్తోందో ఈ పట్టీలో ఉంటుంది. ఆటోథ్రస్ట్ పనిచేస్తున్నప్పుడు ఎయిర్‌బస్ థ్రస్ట్ లీవర్లు కదలవు కాబట్టి చేతి స్పర్శతో ఇంజిన్ల సంగతి తెలియదు, చూసే తెలుసుకోవాలి.

దీని ప్రాముఖ్యం మన దేశమే పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకుంది. 1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ320 బెంగళూరులో రన్‌వేకు ముందే నేలను తాకింది. విమానంలోని 146 మందిలో 92 మంది మరణించారు. అప్రోచ్‌లో విమానం ఓపెన్ డిసెంట్ మోడ్‌లో ఉండిపోయింది, అంటే ఇంజిన్లు ఐడిల్‌లో ఉండగా వేగాన్ని ముక్కుతోనే నిలుపుకోవలసిన స్థితి. వేగం తగ్గుతూ పోయింది, పైలట్లు గుర్తించేసరికి ఇంజిన్లు శక్తి పుంజుకునే వ్యవధి మిగలలేదు. దిగే వేగం మార్చబోయి పక్కనున్న ఎత్తు మీటను తిప్పి ఉండవచ్చని విచారణ భావించింది. మోడ్ మారిన ప్రతిసారీ ఎఫ్‌ఎంఏను పైకి చదవాలని ఇన్‌స్ట్రక్టరు విసుగు లేకుండా గుర్తుచేసేది ఇందుకే.

ఏడో దశ: ఫుల్ ఫ్లయిట్ సిమ్యులేటర్

ఇక్కడ సాధారణంగా నాలుగేసి గంటల సెషన్లు ఎనిమిది నుంచి పది వరకు ఉంటాయి. అందులో సగం మీరు నడుపుతారు, సగం భాగస్వామి నడుపుతారు. ముందు గంటన్నర బ్రీఫింగు, తరువాత డీబ్రీఫింగు కలిపితే రోజంతా గడిచిపోతుంది. మొదట మామూలు ప్రయాణం, చేతితో నడపడం, స్టాల్ నుంచి కోలుకోవడం. ఆపై ఒక్కొక్కటిగా వైఫల్యాలు వస్తాయి.

సైడ్‌స్టిక్ గురించి మొదటి రోజే ఒక అలవాటు చేసుకోవాలి. రెండు సైడ్‌స్టిక్‌లకూ మధ్య యాంత్రిక సంబంధం లేదు. ఇద్దరూ ఒకేసారి కదిపితే కంప్యూటర్ రెండింటినీ కూడుతుంది, డ్యుయల్ ఇన్‌పుట్ అని అరుస్తుంది. కంట్రోల్ ఎవరిదన్నది మాటల్లో స్పష్టంగా చేతులు మారాలి. సెస్నా అలవాటుతో స్టిక్‌ను నిరంతరం కదుపుతూ ఉండడం మరో లోపం. ఏ320 మీరు పెట్టిన భంగిమను తానే నిలుపుకుంటుంది గనుక చిన్నగా కదిపి వదిలేయాలి.

అభ్యర్థులు ఎక్కువగా భయపడేది టేకాఫ్‌లో వీ1, అంటే టేకాఫ్ విరమించే నిర్ణయానికి చివరి వేగం, దాటిన వెంటనే ఇంజిన్ ఆగిపోయే అభ్యాసం. వీ1 అన్న పిలుపు వినగానే చేయి థ్రస్ట్ లీవర్ల మీది నుంచి తీసేస్తారు, ఎందుకంటే ఇక ఆగే ప్రసక్తి లేదు. ఇంజిన్ పోగానే ముక్కు ఆ పక్కకు గుంజుతుంది. రెండో పక్క రడ్డర్‌ను తొక్కి, ముక్కును రన్‌వే మధ్యగీత మీద నిలపాలి, దీనికి కాలు ఎంత తొక్కాలన్నది లెక్కతో రాదు, బయట గీతను చూస్తూ సరిపోయినంత తొక్కడమే. ముక్కు ఎత్తవలసిన వేగమైన వీఆర్ దగ్గర, మామూలు కంటే తొందరపడకుండా, ముక్కును దాదాపు 12.5 డిగ్రీల వరకు ఎత్తాలి. నేల వదిలాక స్లిప్ సూచిక నీలిరంగులోకి మారుతుంది, దాన్ని రడ్డర్‌తో మధ్యకు తెచ్చి, ట్రిమ్ చేసి, ఆటోపైలట్ పెట్టుకోవాలి. గేర్ ఎత్తడం, హెచ్చరిక శబ్దం ఆపడం తప్ప 400 అడుగుల వరకు ఇంకేమీ ముట్టుకోకూడదు.

ఆ కొద్ది సెకన్లు చేతులు కట్టుకుని ఉండడమే అందరికీ కష్టమనిపిస్తుంది. 400 అడుగుల తరువాత ఈకామ్ చెప్పినట్టు ఆగిన ఇంజిన్ లీవరును ఐడిల్‌కు తేవడం, మాస్టర్ స్విచ్ ఆఫ్ చేయడం ఒక్కొక్కటిగా జరుగుతాయి. ఆ మాస్టర్ స్విచ్ మీద చేయి పెట్టాక, ఇదేనా అని అడిగి, రెండో పైలట్ చూసి అవునన్న తరువాతే తిప్పాలి. 2015 ఫిబ్రవరిలో తైపేలో ట్రాన్స్ఏషియా ఏటీఆర్ విమానం కూలినప్పుడు, చెడిన ఇంజిన్‌ను వదిలి పనిచేస్తున్న ఇంజిన్‌ను ఆపేశారు. ఇద్దరూ చూసి ధ్రువీకరించడమనే నియమం పరీక్షలో మార్కుల కోసం పెట్టినది కాదు.

కొన్ని సందర్భాల్లో చెక్‌లిస్టు తీసే వ్యవధి ఉండదు, అక్కడ చేయవలసినవి కంఠస్థంగా రావాలి. వేగం సూచికలు నమ్మలేని స్థితిలో ప్రయాణ భద్రతకు ముప్పు ఉంటే ఆటోపైలట్, ఆటోథ్రస్ట్, ఫ్లయిట్ డైరెక్టర్లు ఆపేసి, టేకాఫ్ థ్రస్ట్ తగ్గించే ఎత్తుకు లోపల ముక్కును 15 డిగ్రీలు ఎత్తి, టోగా, అంటే ఇంజిన్ల గరిష్ఠ శక్తి. ఆపైన 10,000 అడుగుల స్థాయి వరకు 10 డిగ్రీలు, క్లైంబ్ థ్రస్ట్. ఆ పైన 5 డిగ్రీలు, క్లైంబ్ థ్రస్ట్ పెట్టాలి. విండ్‌షియర్, స్టాల్, నేల సమీపిస్తోందన్న హెచ్చరిక, ఎదురు విమానం హెచ్చరిక, బ్రేకులు పోవడం, అత్యవసరంగా దిగడం కూడా ఈ జాబితాలోవే. మీ ఎయిర్‌లైన్ లేదా శిక్షణ కేంద్రం ఇచ్చిన తాజా మాన్యువల్‌లోని మాటలనే అక్షరాలా నేర్చుకోండి, ఇంటర్నెట్‌లో దొరికే పాత కాపీలను, ఈ వ్యాసాన్ని కూడా, పాఠంగా తీసుకోకండి.

సెషన్ బాగా జరగనప్పుడు ఇన్‌స్ట్రక్టరు రాసిన వ్యాఖ్యలను ఆ రాత్రే చదివి, తప్పిన అభ్యాసాన్ని గోడ మీది కాక్‌పిట్ ముందు మళ్లీ మొదటి నుంచి చివరిదాకా చేసి నిద్రపోవాలి. అదనపు సెషన్ సూచిస్తే అవమానంగా భావించి వాదించవద్దు.

ఎనిమిదో దశ: స్కిల్ టెస్ట్

డీజీసీఏ ఆమోదించిన ఎగ్జామినర్ ముందు సిమ్యులేటర్‌లో ఈ పరీక్ష జరుగుతుంది. ముందు మౌఖిక ప్రశ్నలు, తరువాత మామూలు టేకాఫ్, టేకాఫ్ విరమణ, వీ1 తరువాత ఇంజిన్ వైఫల్యం, ఒక ఇంజిన్‌తో అప్రోచ్, గో అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేవడం), ల్యాండింగ్, ప్రెసిషన్, నాన్ ప్రెసిషన్ అప్రోచ్‌లు, మరికొన్ని వ్యవస్థల వైఫల్యాలు ఉంటాయి. శిక్షణలో చూడనిది ఇందులో ఏదీ ఉండదు. స్థిరపడని అప్రోచ్‌ను గుర్తించి గో అరౌండ్ చేసిన అభ్యర్థిని ఏ ఎగ్జామినరూ తప్పుపట్టడు. దాన్ని ఎలాగోలా రన్‌వే మీద దించిన అభ్యర్థిని తప్పకుండా ఆపుతాడు.

తొమ్మిదో దశ: బేస్ ట్రైనింగ్, నమోదు

సిమ్యులేటర్‌తోనే రేటింగు పూర్తిచేసే జీరో ఫ్లయిట్ టైమ్ పద్ధతి ఇప్పటికే ఇద్దరు పైలట్ల విమానాల్లో అనుభవం ఉన్నవారి కోసం ఉద్దేశించినది. కొత్త సీపీఎల్ అభ్యర్థి ప్రయాణికులు లేని నిజమైన విమానంలో, ఇన్‌స్ట్రక్టరు పక్కన కూర్చుని సర్క్యూట్లు, అంటే రన్‌వే చుట్టూ చుట్లు, తిరగాలి. యూరప్ నిబంధనల్లో దీనికి మామూలు పరిమాణం కనీసం ఆరు టేకాఫ్, ల్యాండింగులు. 30 అడుగుల దగ్గర ముక్కును కొద్దిగా ఎత్తడం, 20 అడుగుల దగ్గర రిటార్డ్ అని విమానమే పిలిచినప్పుడు లీవర్లను ఐడిల్‌కు లాగడం ఇంతకు ముందు సిమ్యులేటర్‌లో ఎన్నోసార్లు చేసినవే అయినా, నిజమైన గాలిలో చూపు రన్‌వే చివరకు మళ్లాలన్న సంగతి ఇక్కడే స్థిరపడుతుంది.

ఆ తరువాత శిక్షణ రికార్డులు, పరీక్ష నివేదిక, లాగ్‌బుక్ వివరాలతో ఈజీసీఏలో దరఖాస్తు చేయాలి. కొత్తవారికి ముందుగా పీ2, అంటే కోపైలట్ హోదాలోనే నమోదు అవుతుంది.

పదో దశ: లైన్ ట్రైనింగ్, ఆ తరువాత

నమోదు పూర్తయినా మామూలు విధుల్లోకి వెంటనే తీసుకోరు. మొదట అబ్జర్వర్ సీటులో కూర్చుని కొన్ని ప్రయాణాలు చూడాలి. తరువాత ట్రైనింగ్ కెప్టెన్ పర్యవేక్షణలో ప్రయాణికులతో నడపాలి, తొలి సెక్టార్లలో సేఫ్టీ పైలట్ ఒకరు వెనుక సీటులో ఉంటారు. సిమ్యులేటర్ నేర్పనివి ఇక్కడ ఎదురవుతాయి: ముంబయి రద్దీలో వేగంగా మాట్లాడే కంట్రోలర్, ఆలస్యమైన లోడ్‌షీట్, వర్షాకాలంలో మేఘాల చుట్టూ దారి అడగడం, ఇరవై ఐదు నిమిషాల్లో విమానాన్ని తిరుగు ప్రయాణానికి సిద్ధం చేయడం. మీరు వెళ్లబోయే ప్రతి విమానాశ్రయం చార్టులను ముందురోజే చదివి, అక్కడి రన్‌వే పొడవు, గో అరౌండ్ దారి, టాక్సీవేలు మనసులో పెట్టుకుని వెళ్లండి. చివరి రిలీజ్ చెక్‌లో నెగ్గితేనే మామూలు కెప్టెన్లతో రోస్టర్ పడుతుంది.

అప్పటినుంచి ఏడాదికి రెండుసార్లు సిమ్యులేటర్‌లో ప్రావీణ్య పరీక్ష, 90 రోజుల్లో కనీసం మూడు టేకాఫ్, ల్యాండింగులు ఉండాలన్న నియమం ఉద్యోగం ఉన్నంతకాలం వెంట ఉంటాయి. గోడ మీది కాక్‌పిట్ బొమ్మలను తీసేయకండి; మొదటి ఆరునెలల పరీక్షకు రెండు వారాల ముందు వాటితో పని పడుతుంది.